విదేశీ యాత్ర: ముందే బుక్ చేయాల్సినవి ఏవి, అక్కడికెళ్ళి చూసుకోదగ్గవి ఏవి

మాకు తెలిసిన బరంపురం కుటుంబం ఒకటి సింగపూర్ ప్రయాణం తలపెట్టింది. తాత, నాన్నమ్మ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, మొత్తం ఆరుగురు. విమానం టికెట్లు చవకగా కనిపించాయని ముందు అవి కొనేశారు. హోటల్‌కు రెండు రేట్లు ఉంటే, రద్దు చేసినా డబ్బు తిరిగి రాని తక్కువ రేటునే ఎంచుకున్నారు. ఆ తరవాత నాన్నమ్మగారి పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టారు. ఆధార్‌లో ఒక పేరు, పాన్ కార్డులో ఇంకో పేరు, ఓటరు కార్డులో మూడోది. అవి సరిచేయించేసరికి ప్రయాణం రోజు వచ్చేసింది. నాన్నమ్మ లేకుండా తాత కదలనన్నారు. ఆరుగురికి కట్టిన డబ్బుతో నలుగురు వెళ్ళొచ్చారు. అసలు ఆ యాత్ర అనుకున్నదే ఆ పెద్దల కోసం.

ఇలాంటివి గంజాం జిల్లాలో మన ఇళ్ళలో అరుదేం కాదు. అందుకే ఏది ముందు, ఏది వెనక అన్న విషయం ఒక్కచోట రాసి పెడుతున్నాం. మేము పాటించే లెక్క చిన్నదే. ఏదైనా ముందుగా కొనే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇప్పుడు కొనకపోతే ఇది అయిపోతుందా, అయిపోతే మనం వెళ్ళిన పని చెడుతుందా? అవును అయితే కొనాలి. రేపు మనం వెళ్ళలేకపోతే ఈ డబ్బు తిరిగి వస్తుందా? రాదు అయితే, ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ వీసాలూ చేతికి వచ్చేదాకా ఆగాలి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు ఎదురెదురుగా వచ్చినప్పుడే చిక్కు. ఆ చిక్కు వచ్చే చోట్ల గురించే ఇక్కడ ఎక్కువ రాశాం.

పేరు దగ్గరే మొదలు

వేరే ఊళ్ళ తెలుగువాళ్ళకు లేని ఇబ్బంది ఒకటి మనకుంది. మన పేర్లు తెలుగులో పుట్టి, ఒడియాలో నమోదై, ఇంగ్లీషులో అచ్చయ్యాయి. ఒడియాలో 'వ' పలుకు 'బ' వైపు జరుగుతుంది కాబట్టి సత్యవతి సత్యబతి అవుతుంది, వెంకటరావు భెంకట్ రావు అవుతాడు. లక్ష్మి పేరులో మన బడి సర్టిఫికెట్లు కె, ఎస్, హెచ్ అక్షరాలు రాస్తే, ఇక్కడి కార్డుల్లో వాటి స్థానంలో ఎక్స్ ఉంటుంది. ఇంటిపేరు సంగతి ఇంకా గట్టిది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా పద్ధతిలో అది చివర వస్తుంది. గుమస్తా చివర కనిపించిన 'రావు'నే ఇంటిపేరు అనుకుని రాసేస్తాడు. ఫలితంగా తండ్రికి ఇంటిపేరు రావు, కొడుకుకు అసలు ఇంటిపేరు, కోడలి పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీ. ముగ్గురూ ఒకే ఇంటివాళ్ళని కాగితం మీద తేల్చడం కష్టం.

ఈ ఖాళీ గడి ఇంట్లో ఉన్నంతకాలం ఎవరికీ పట్టదు. దుబాయ్ వెళ్ళాలంటే పడుతుంది. పాస్‌పోర్టులో పేరు, ఇంటిపేరు అన్న రెండు గడుల్లో ఒకటి ఖాళీగా ఉండి ఒక్క మాటే పేరుగా ఉన్నవాళ్ళకు పర్యాటక ప్రవేశం ఇవ్వబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరు 21 నుంచి నియమం పెట్టింది. పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఆ తరవాత కొంత సడలింపు ఇచ్చారు. అయినా టికెట్ కొన్నాక విమానాశ్రయంలో ఈ వాదన పెట్టుకునే కంటే, ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం నయం.

అందుకని మొట్టమొదటి పని డబ్బు కట్టేది కాదు. ఇంట్లో పాస్‌పోర్టులన్నీ ఒక బల్ల మీద పెట్టి మూడు సంగతులు చూడండి. తిరిగి వచ్చే తేదీ తరవాత ఇంకా ఆరు నెలల గడువు ఉందా? చాలా దేశాలు అది అడుగుతాయి. పిల్లల పాస్‌పోర్టు పెద్దవాళ్ళలా పదేళ్ళది కాదు, ఐదేళ్ళకే అయిపోతుంది. 'మొన్ననే కదా తీశాం' అనుకున్నది తీరా చూస్తే గడువు దాటి ఉంటుంది. మూడోది, పేరులో ప్రతి అక్షరం. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఆధార్‌లో ఉన్నట్టు కాదు, ఇంట్లో పిలిచేట్టు అంతకన్నా కాదు. అక్షరం రెండక్షరాలు తప్పితే విమాన సంస్థలు సరిచేస్తాయి గాని, ఒకరి టికెట్ మరొకరి పేరు మీదకు మార్చరు. ఏజెంటు చేత కొనిపిస్తే పాస్‌పోర్టు మొదటి పేజీ ఫోటోనే పంపండి, నోటితో చెప్పకండి. మా అనుభవంలో పేరు తప్పులు ఎక్కువగా ఫోన్లోనే పుడతాయి.

వీసా చూసుకుని టికెట్

కొన్ని దేశాలకు ఇప్పుడు మనకు వీసా గొడవ తక్కువ. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులను 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. థాయిలాండ్ కూడా వీసా మినహాయింపు ఇచ్చింది. ఇవి ఆయా ప్రభుత్వాలు ఇచ్చి, పొడిగించి, మార్చుకునే సౌకర్యాలు. పోయినేడు వెళ్ళొచ్చిన బావమరిది మాట మీద కాక, టికెట్ కొనే రోజున ఆ దేశపు ప్రభుత్వ సైటు చూడండి. వీసా లేకపోయినా మలేషియాకు, థాయిలాండ్‌కు, సింగపూర్‌కు ప్రయాణానికి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో రాక కార్డు నింపాలి. అది ఉచితం. దానికి డబ్బు అడిగే సైటు ఏదైనా సరే, ప్రభుత్వానిది కాదు.

సింగపూర్‌కు మాత్రం మనకు వీసా కావాలి, అది గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారా ఆన్‌లైన్‌లో వస్తుంది. సింగపూర్ నుంచి బస్సులో కౌలాలంపూర్ వెళ్ళి, మళ్ళీ సింగపూర్ నుంచి ఇంటికి వచ్చే ఏర్పాటు మన వాళ్ళకు ఇష్టం. అలాగైతే వీసా మీద ఎన్నిసార్లు ప్రవేశం ఉందో చూసుకున్నాకే ఆ బస్సు, ఆ హోటల్ కొనాలి.

యూరప్‌కు లెక్క పూర్తిగా వేరు. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, పదిహేను రోజుల ముందు వరకే గడువు. వేలిముద్రలు ఇవ్వడానికి స్వయంగా వెళ్ళాలి, వేసవికి ముందు ఆ అపాయింట్‌మెంట్లే దొరకవు. అంటే యూరప్ యాత్రలో అన్నిటికంటే ముందు బుక్ చేయాల్సింది ఐఫిల్ టవర్ కాదు, ఆ అపాయింట్‌మెంటు. వీసాకు విమాన, హోటల్ వివరాలు చూపించాలి, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు సరిపోయే బీమా కావాలి. చూపించాల్సింది రిజర్వేషన్ మాత్రమే. పూర్తిగా డబ్బు కట్టేసిన టికెట్ ఉంటే తప్ప వీసా రాదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉచితంగా రద్దు చేసుకోగల హోటల్ గదులు ఈ పనికి బాగా ఉపయోగపడతాయి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు మనలో చాలానే. ఒడిశా హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్ పరిధిలోకే వస్తుంది, కాబట్టి ఇంటర్వ్యూకి భాష, బస రెండూ మనకు సుళువు. ఇంటర్వ్యూ తేదీ దొరకడమే ఆలస్యం. ఆ తేదీ చేతికి రాకుండా టికెట్ కొనవద్దు, మనవరాలి పుట్టినరోజు దగ్గర పడుతున్నా సరే.

ఏ విమానాశ్రయం, ఏ రైలు

మన పూర్వులు గోపాలపూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళేవారు. విదేశానికి ఓడ మన ఊరి ఒడ్డు నుంచే కదిలేది. ఇప్పుడు విదేశానికి విమానం కావాలంటే భువనేశ్వరానికి సుమారు 170 కిలోమీటర్లు, విశాఖపట్నానికి సుమారు 270 కిలోమీటర్లు పోవాలి. దూరం చూస్తే భువనేశ్వరమే దగ్గర. కానీ విశాఖలో చుట్టాలుంటారు, రాత్రి పడుకోవడానికి ఇల్లుంటుంది, అందుకని చాలామంది అటే చూస్తారు. రెండు చోట్ల నుంచీ నేరుగా వెళ్ళే అంతర్జాతీయ విమానాలు ఉన్నాయి గాని అవి నిలకడగా ఉండవు. భువనేశ్వరం నుంచి కౌలాలంపూర్‌కు 2017లో విమానం మొదలై, తరవాత ఆగిపోయింది. 2023 మే, జూన్ నెలల్లో దుబాయ్, సింగపూర్, బ్యాంకాక్‌లకు మొదలయ్యాయి, అవి కూడా వేళలు మారుతూ వచ్చాయి. విశాఖ నుంచి సింగపూర్ సర్వీసు పాతది, కౌలాలంపూర్, బ్యాంకాక్‌లకు 2024లో వచ్చాయి. కాబట్టి నేరు విమానం చూసి కొన్నా, వారానికి ఎన్ని రోజులు నడుస్తుందో చూసుకోండి. వారానికి మూడు రోజులే నడిచేది ఒక రోజు రద్దయితే, మీరు ఆ ఊళ్ళో ఇంకో రెండు రోజులు ఉండిపోవాలి. విశాఖ విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారే ఏర్పాటు ఉంది గనుక, టికెట్ మీద విమానాశ్రయం పేరు కూడా చదవండి. పాత చోటికీ కొత్త చోటికీ మధ్య చాలా దూరం.

నేరు విమానం లేనప్పుడు కోల్‌కతా మీదుగానో హైదరాబాదు మీదుగానో వెళ్తాం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే మనిషికి రెండు మూడు వేలు మిగిలిన మాట నిజమే. కానీ మొదటి విమానం ఆలస్యమైతే రెండోదానివాడికి మీతో సంబంధం లేదు. మీరు రానట్టే లెక్క, టికెట్ పోయినట్టే. ఒకే పీఎన్ఆర్ అయితే తరవాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్ళది.

రైలు సంగతి వేరే. విమానం టికెట్ మూడు నాలుగు నెలల ముందు కొంటాం. రైలు రిజర్వేషన్ మాత్రం 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, ఇదివరకు 120 రోజులుండేది. బరంపురం మధ్యలో స్టేషను కాబట్టి మనకు దొరికే బెర్తులు కొన్నే. విమానం కొన్న రోజే కేలెండరులో ఆ 60వ రోజు గుర్తు పెట్టుకుని, ఆ ఉదయమే తీసుకోండి. ముందు రాత్రికే విమానాశ్రయం ఉన్న ఊరు చేరేలా చూసుకోవాలి. ఉదయం రైలు, మధ్యాహ్నం విమానం అన్న ఏర్పాటు మన లైనులో నమ్మదగ్గది కాదు. తిరుగు ప్రయాణంలో మాత్రం రైలుకు తొందరపడకండి. విమానం దిగాక బస్సో టాక్సీయో ఎప్పుడైనా దొరుకుతుంది.

అక్టోబరు లెక్క

దసరా సెలవులకే మన వాళ్ళు ఎక్కువగా బయలుదేరతారు. మన తీరానికి అక్టోబరు రెండో వారం ఎలాంటిదో గుర్తు చేసుకోండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టి విమానాశ్రయాన్ని ధ్వంసం చేసింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచింది. వేసవిలోనూ భయం లేకపోలేదు. 2019 మే 3న వచ్చిన ఫణి భువనేశ్వరం విమానాశ్రయాన్ని దెబ్బతీసింది. మనం ఎక్కే రెండు విమానాశ్రయాలూ తుఫాను దారిలోనే ఉన్నాయన్నమాట.

అలాగని దసరాకు వెళ్ళొద్దని మేము అనం. ఆ నెలలో వెళ్ళేవాళ్ళు రద్దు చేసుకోగల గదులే తీసుకోవాలి, కాస్త ఎక్కువైనా. ప్రయాణ బీమా టికెట్ కొన్న వారంలోనే తీసుకోవాలి, ప్రయాణం రద్దయినా వర్తించేది అయి ఉండాలి. తుఫాను పేరు వార్తల్లోకి ఎక్కాక కొన్న పాలసీ సాధారణంగా ఆ తుఫానుకు పనికిరాదు. విమాన సంస్థే సర్వీసు రద్దు చేస్తే టికెట్ డబ్బు వస్తుంది. కానీ అక్కడ మీరు కొనిపెట్టుకున్న గది, పార్కు టికెట్ల డబ్బు వాళ్ళు ఇవ్వరు. పోయేది అదే.

రెండేళ్ళకోసారి వేసవిలో వచ్చే బుఢీ ఠాకురాణి యాత్ర ఏడాదైతే తేదీలు ఖరారయ్యాకే ఏప్రిల్ టికెట్ల జోలికి వెళ్ళండి. అమ్మవారు ఊళ్ళో ఉండగా ఇంటి పెద్దలు కదలరు, వాళ్ళను కదిలించాలని చూసి భంగపడ్డవాళ్ళను మేము ఎరుగుదుం.

అక్కడ చూసేవాటిలో

చాలామంది పొరబడేది ఇక్కడే. చూడాల్సినవన్నీ ఇక్కడ కూర్చునే కొనేస్తారు, లేదా ఒక్కటీ కొనరు. చూసే చోట్లలో కొన్నిటికి తలుపు ఉంటుంది, తలుపు దగ్గర లెక్క ఉంటుంది, ఇంత మందినే ఇన్ని గంటలకు రానిస్తారు. అవి ముందే కొనాలి. తలుపు లేనివాటికి అక్కరలేదు.

సింగపూర్‌లో నైట్ సఫారీకి ప్రవేశ వేళ ఎంచుకుని కొనాలి, సెలవుల్లో మంచి వేళలు అయిపోతాయి. యూనివర్సల్ స్టూడియోస్ టికెట్ తేదీ మీద ఉంటుంది. వర్షం ఎక్కువ ఊరు కాబట్టి దాన్ని అక్కడికి వెళ్ళాక ముందురోజు కొన్నా చాలు, పాఠశాల సెలవులు తప్ప. గార్డెన్స్ బై ది బే గురించి ఏజెంట్లు ఒక మాట చెప్పరు. అద్దాల గుమ్మటాలకు టికెట్ ఉంటుంది. బయటి పెద్ద ఉక్కు చెట్ల తోట, సాయంత్రం 7.45కు, 8.45కు జరిగే దీపాల ప్రదర్శన ఉచితం. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి, లిటిల్ ఇండియాకు ఎవరి బుకింగూ అక్కరలేదు. వాటిని 'సిటీ టూర్' పేరుతో డబ్బుకు అమ్మితే కొనకండి.

కౌలాలంపూర్‌లో పెట్రోనాస్ జంట గోపురాల మీదికి వేళ ప్రకారం కొద్దిమందినే పంపుతారు, సోమవారం మూత. రెండే రోజులుండి, అందులో ఒకటి సోమవారం అయితే ముందే కొనాలి. బటు గుహల్లో సుబ్రహ్మణ్యస్వామిని చూడటానికి 272 మెట్లు, టికెట్ లేదు. అక్కడ కావాల్సింది బుకింగు కాదు, మోకాళ్ళు. నాన్నమ్మగార్లను కింద 140 అడుగుల విగ్రహం దగ్గర నీడన కూర్చోబెట్టే ఏర్పాటు ముందే అనుకోండి.

బాలి మాట వస్తే మనకు కటక్ బాలియాత్ర గుర్తుకొస్తుంది. కళింగ వర్తకులు వెళ్ళిన ద్వీపం. అక్కడ దిగాక తీసుకునే వీసా ఐదు లక్షల రుపయ్యాలు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే వరుసలో నిలబడే బాధ తప్పుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి మనిషికి లక్షా యాభై వేల రుపయ్యాల పర్యాటక రుసుము కూడా ఉంది. అంకె పెద్దది గాని మన డబ్బులో వందల్లోనే. ఉలువాతులో సముద్రపు కొండ మీద సూర్యాస్తమయ వేళ రామాయణ కథతో కెచక్ నాట్యం ఆడతారు, దానికి టికెట్లు అయిపోతాయి. గుళ్ళకు అయిపోవు. బాలిలో మనవాళ్ళు తప్పక చూసుకోవాల్సిన తేదీ ఒకటుంది. వాళ్ళ శక సంవత్సరాది న్యేపి నాడు ద్వీపం మొత్తం మౌనం పాటిస్తుంది. దీపాలు వెలగవు, ఎవరూ వీధిలోకి రారు, విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు. అది మన ఉగాది దగ్గరలోనే పడుతుంటుంది. 2025లో న్యేపి మార్చి 29, ఉగాది 30. 2026లో రెండూ మార్చి 19. ఉగాది సెలవు కలిసొస్తుందని టికెట్ చూసేవాళ్ళు ముందు ఇది చూడండి. జావాలో బోరోబుదూరు స్తూపం పైకి ఎక్కాలంటే రోజుకు ఇంతమంది అన్న కోటా ఉంది, వేళ బుక్ చేసుకోవాలి, వాళ్ళిచ్చే చెప్పులే వేసుకోవాలి. కింద నుంచి చూసి వచ్చే టికెట్ వేరు. రెండూ ఒకటే అనుకుని కొని, మెట్ల దగ్గర ఆగిపోయినవాళ్ళు ఉన్నారు.

కంబోడియాలో అంగ్‌కోర్ వాట్‌కు తొందర లేదు. పాస్ ఒక రోజుకు 37, మూడు రోజులకు 62 డాలర్లు, అక్కడే ఫోటో తీసి ఇస్తారు, అయిపోవడం అన్నది లేదు. సీయెం రీప్ కొత్త విమానాశ్రయం 2023 అక్టోబరులో ఊరికి దూరంగా తెరిచారు, దిగాక ఊళ్ళోకి వెళ్ళే బండి మాత్రం ముందే మాట్లాడుకోండి.

యూరప్‌లో తలుపులు ఎక్కువ. ఐఫిల్ టవర్ లిఫ్టు టికెట్లు 60 రోజుల ముందు వస్తాయి, వేసవిలో త్వరగా పోతాయి. లూవ్ర్ మంగళవారం మూత. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరిది తప్ప ఆదివారాలు మూత. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆనీ ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ప్రతి మంగళవారం ఆరు వారాల తరవాతి తేదీలకు వదులుతారు. మిలన్‌లో లియొనార్డో గీసిన చివరి విందు చిత్రం ముందు కొద్దిమందిని పదిహేను నిమిషాలే నిలబడనిస్తారు. రోమ్ కొలీసియం టికెట్ల మీద పేరు ఉంటుంది, గుర్తింపు కార్డు చూస్తారు, మళ్ళీ పేరు సంగతే వచ్చింది చూశారా. వీటిలో మీ ఇంటికి నిజంగా కావాల్సినవి రెండు మూడు ఎంచి వీసా రాగానే అవే కొనండి. రోజుకు ఒకటి కంటే ఎక్కువ వేళలు పెట్టుకుంటే యాత్ర పరీక్షల టైంటేబుల్ అవుతుంది. పెద్దవాళ్ళు తట్టుకోలేరు. స్విట్జర్లాండ్ మంచు కొండలకు మాత్రం తొందరపడి తేదీ కట్టుకోకండి. మబ్బు పట్టిన రోజు అంత డబ్బు పోసి పైకి వెళ్తే కనిపించేది తెల్లటి గోడే. కొండ మీది కెమెరా దృశ్యం సైటులో చూపిస్తారు, ఉదయం అది చూసి వెళ్ళే వీలుంచుకోండి. వేసవిలో రద్దీ వేళ రైలు సీటు రిజర్వేషన్ అడుగుతారు, అది ముందురోజు చూసుకోవచ్చు.

అమెరికాలో స్వేచ్ఛా ప్రతిమ కిరీటం దాకా ఎక్కాలంటే నెలల ముందు కొనాలి. నయాగరాకు ఏమీ అక్కరలేదు, పిల్లల సెలవు తప్ప.

గది, భోజనం, పెద్దవాళ్ళ అవసరాలు

హోటల్లో మొదటి రెండు రాత్రులు ఖాయంగా ఉండాలి, చాలా దేశాల్లో దిగగానే చిరునామా అడుగుతారు. ఐదారుగురు వెళ్ళేటప్పుడు ఒకే గదిలో అందరూ సర్దుకుందాం అనే మన పద్ధతి అక్కడ చెల్లదు. గదికి ఇంతమంది అని రాసే ఉంటుంది. కుటుంబానికి సరిపడే పెద్ద గదులు ప్రతి హోటల్లో కొన్నే ఉంటాయి కాబట్టి అవి ముందే తీసుకోవాల్సినవే, రద్దు చేసుకునే వీలుతో.

చవక విమానాల్లో భోజనం ఉచితం కాదు. శాకాహారం కావాలంటే టికెట్‌తో పాటే ఎంచుకోవాలి, పైన అడిగితే అయిపోయిందంటారు. పెద్దవాళ్ళకు వీల్ చైర్ కావాలని టికెట్ కొన్నప్పుడే చెప్పండి, కనీసం 48 గంటల ముందు. 'నడవగలను' అని మొహమాటపడే పెద్దలకు, పెద్ద విమానాశ్రయాల్లో ద్వారం నుంచి ద్వారానికి కిలోమీటరు పైన ఉంటుందని చెప్పండి. మన ఊరి అప్పడాలు, పచ్చళ్ళు లేకుండా ఎవరూ కదలరని మాకు తెలుసు. పచ్చడి సీసా చేతి సంచిలో పెడితే 100 మిల్లీలీటర్ల నియమం కింద తీసి పారేస్తారు. గట్టిగా మూసి పెద్ద పెట్టెలో పెట్టండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్ళేవాళ్ళు తెచ్చిన తినుబండారం ఏదైనా దిగగానే కార్డులో రాయాలి, రాయకపోతే జరిమానా.

ప్యాకేజీలు

ఇన్ని లెక్కలెందుకు, ఎవరికో ఒకరికి అప్పగిస్తే పోలేదా అనేవాళ్ళు ఉంటారు. తప్పు లేదు. భాష రాని చోటికి పెద్దలను తీసుకెళ్తే గుంపుతో పోవడమే హాయి. కాకపోతే మొదటి వాయిదా కట్టే ముందు మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు అడగండి. వీసా రాకపోతే ఎంత తిరిగి ఇస్తారు? విమానం టికెట్ మా పేరు మీద ఎప్పుడు కొంటారు, పీఎన్ఆర్ ఎప్పుడు ఇస్తారు? ఏ ప్రవేశ టికెట్లు ప్యాకేజీలో ఉన్నాయి, ఏవి బయట నుంచి చూపిస్తారు? ఆఖరిది మరీ ముఖ్యం. 'ఐఫిల్ టవర్ సందర్శన' అంటే కింద నిలబడి ఫోటో దిగడం కూడా అవుతుంది.

విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ అనే పన్ను కూడా వసూలు చేస్తారు. దాని శాతం బడ్జెట్‌తో మారుతూ వచ్చింది, కట్టే రోజున ఎంతో అడగండి. అది పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేస్తే లెక్కలో పడుతుంది. అందుకని ఎవరు రిటర్న్ వేస్తారో వాళ్ళ పాన్ ఇవ్వండి. తాతగారి పేరు మీద కట్టి, ఆయన రిటర్నే వేయకపోతే ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది. రసీదు అడిగి తీసుకోండి, దాని మీద పాన్ నంబరు సరిగా పడిందో లేదో అక్కడే చూసుకోండి.